ఆరు మిల్లీమీటర్ల తేడా

"మనవాళ్లే మన మార్కెట్."

పోయిన నెల ఒక ఆన్‌లైన్ సమావేశంలో విన్నాను ఈ మాట. ఇంటికి దూరంగా, వేరే దేశాల్లో ఉంటూ చేతిపనులతో చిన్న వ్యాపారాలు నడుపుకుంటున్నవాళ్ల కోసం పెట్టిన సమావేశం అది. మాట్లాడినాయన అనుభవజ్ఞుడు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ల మీద నిజమైన అభిమానం ఉన్న మనిషి. "ముందు మనవాళ్లని పట్టుకోండి. వాళ్లు చేయి వదలరు. మిగతావన్నీ వాటంతట అవే వస్తాయి" అన్నారు. చాట్ నిండా చప్పట్ల బొమ్మలు పడ్డాయి. నేనూ ఒకటి పెట్టాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

నేను చేత్తో కుట్టిన నోటుపుస్తకాలు చేసి అమ్ముతాను. మొదలుపెట్టి ఐదేళ్లయింది. ఆ రాత్రి లేచి మొదటి ఏడాది ఆర్డర్ల పుస్తకం తీసి, ఎర్ర పెన్సిలు పట్టుకుని, నాకు ముందే తెలిసిన ప్రతి పేరు కిందా గీత గీస్తూ పోయాను. అక్కలు, వదినలు, చిన్ననాటి స్నేహితులు, పాత ఆఫీసువాళ్లు, వాళ్లు చెబితే కొన్నవాళ్లు. 64 ఆర్డర్లలో 51 పేర్ల కింద గీత పడింది.

ఇంతమంది నా వెనక నిలబడ్డారా అని కళ్లు చెమర్చాయి. ఆ వెంటనే గుండెలో ఏదో కలుక్కుమంది. వాళ్లంతా నా వెనక నిలబడ్డారు సరే, నా పుస్తకం తన కాళ్ల మీద ఎప్పుడు నిలబడింది?

అందుకే ఇది రాస్తున్నాను. ఆయన మాటతో నాకు పేచీ ఉంది. మనవాళ్లు మనకి మొదలు. కానీ వాళ్లనే మార్కెట్ అనుకున్న రోజున వ్యాపారం అక్కడే ఆగిపోతుంది, వాళ్లతో ఉన్న చుట్టరికం కూడా బరువెక్కుతుంది. దూరంలో ఉన్నవాళ్ల విషయంలో ఇది ఇంకా నిజం, ఎందుకంటే దూరం వల్ల ప్రేమ పెరుగుతుంది, ప్రేమ పెరిగినకొద్దీ నిజం చెప్పేవాళ్లు తగ్గుతారు.

అలమరలో ఐదు పుస్తకాలు

రెండేళ్ల కిందట సెలవు మీద వెళ్లినప్పుడు మా పెదనాన్నగారి అమ్మాయి ఇంట్లో ఉన్నాను. అక్క నాకు మొదటినుంచీ అండ. నేను ఏ కొత్త పుస్తకం ఫొటో పెట్టినా మొదటి ఆర్డరు ఆమెదే. రాత్రి దుప్పటి కోసం అలమర తెరిస్తే పై అరలో నా పుస్తకాలు ఐదు, వరసగా నిలబెట్టి కనిపించాయి. ఐదింటికీ నేను చుట్టిన పల్చటి కాగితం అలాగే ఉంది. మడత మీద అంటించిన గుండ్రటి స్టిక్కరు అంచు కూడా లేవలేదు.

అక్క వెనకే వచ్చింది. "అంత అందంగా కట్టి పంపావే, విప్పబుద్ధి కాలేదు" అంది. అందులో అబద్ధం లేదు. ఆ పుస్తకాల్ని ఆమె చూసే చూపులోనే తెలుస్తోంది వాటిని ఎంత అపురూపంగా దాచుకుందో.

కానీ నోటుపుస్తకం రాసుకోవడానికి కదా. అక్క కొన్నది నోటుపుస్తకం కాదని ఆ రాత్రి నాకు తెలిసింది. ఆమె నాకు ధైర్యం ఇచ్చింది, ఆ ధైర్యానికి రసీదుగా పుస్తకాన్ని దాచుకుంది. ఆ ధైర్యం విలువ నాకు తెలుసు, తీర్చుకోలేను కూడా. అయితే దాన్ని అమ్మకాల లెక్కలో రాసుకుని, 'ఈ ఏడాది ఇన్ని అమ్ముడయ్యాయి' అని నాకు నేను చెప్పుకోవడం మటుకు తప్పు.

ఎందుకు తప్పంటే, విప్పని పుస్తకం నాకేమీ నేర్పదు. దారం వదులైందా, సిరా వెనక పేజీకి దిగుతోందా, అట్ట మూలలు నలుగుతున్నాయా, ఏదీ తెలియదు. ధర కూడా తెలియదు. అక్క ఎంత అని అడగదు, నేను ఎంత చెప్పినా ఇస్తుంది. ఇంకో స్నేహితురాలికి నేనే మొహమాటపడి తగ్గించి ఇస్తాను. ఒకరు ప్రేమ కొద్దీ ఎక్కువ ఇస్తారు, ఇంకొకరి దగ్గర మనం ప్రేమ కొద్దీ తక్కువ తీసుకుంటాం. ఈ రెండింటి మధ్య ఆ వస్తువు అసలు ధర ఎక్కడుందో కనిపించదు. నాకు మూడేళ్లు కనిపించలేదు.

నా విషయంలో దీనికి ఇంకో కారణం కూడా ఉంది. వేరే దేశంలో ఉన్న చాలామందికి ఎదురయ్యేదే, అయినా పైకి పెద్దగా చెప్పుకోం. వచ్చిన వెంటనే అమ్మడానికి లేదు. అమెరికాలో హెచ్-1బి వీసా మీద ఉన్నవాళ్లు తమని స్పాన్సర్ చేసిన యజమాని దగ్గరే పని చేయాలి. బ్రిటన్‌లో స్టూడెంట్ వీసా మీద ఉంటే స్వయం ఉపాధి నిషేధం. చాలా దేశాల్లో ఇలాంటిదే ఏదో ఒక షరతు ఉంటుంది. 'నాలుగు పుస్తకాలే కదా, ఎవరు చూస్తారు' అనుకునేవాళ్లకి నేను చేతులు పట్టుకుని చెప్పేది ఒకటే, అలా చేయకండి. నాకు సొంతంగా పని చేసుకునే అనుమతి రావడానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ కుట్టినవన్నీ బహుమతులుగా ఇచ్చాను. అనుమతి వచ్చాక, ఇన్నాళ్లూ ఊరికే తీసుకున్నామన్న మొహమాటంతో వాళ్లే కొనడం మొదలుపెట్టారు. అలా నా వ్యాపారం పుట్టుకలోనే చుట్టరికం కలిసిపోయింది.

టీచరు రాసిన ఉత్తరం

రెండో ఏడాది ఒక వారాంతపు సంతలో బల్ల పెట్టాను. ఒకావిడ ఒక్క పుస్తకం కొని వెళ్లింది. స్కూల్ టీచరు. నెల తర్వాత ఈమెయిల్ పంపింది. అందులో ఆమె చెప్పింది ఇంతే: "రోజూ పాఠం కాగితాన్ని సగానికి మడిచి మీ పుస్తకంలో పెట్టుకుంటున్నాను. పై అంచు కొంచెం బయటికి వచ్చి నలిగిపోతోంది. ఇంకాస్త పొడుగ్గా చేయగలరా?"

నాకు కోపం వచ్చింది, ఆ మాట దాచను. నేను పని నేర్చుకున్నది ఎ4 కాగితం మీద. 210 బై 297 మిల్లీమీటర్లు. సగానికి మడిస్తే ఎ5, 148 బై 210. జర్మనీలో 1922లో ప్రమాణంగా స్థిరపడి, 1975లో అంతర్జాతీయ ప్రమాణమైన కొలత. నా చేతులకి ఆ కొలత ఎంత అలవాటంటే స్కేలు లేకుండా అట్ట మీద గుర్తు పెట్టగలను. నేనిప్పుడు ఉన్నచోట వాడేది లెటర్ సైజు, 216 బై 279. ప్రింటర్‌లో రోజూ వేసేది అదే కాగితం. అయినా ఆ కాగితానికీ నా పుస్తకానికీ సంబంధం ఉందని ఒక్కసారీ తట్టలేదు.

వారం రోజులు జవాబు రాయలేదు. తర్వాత ఒక రాత్రి లెటర్ కాగితం సగానికి మడిచి నా పుస్తకం మధ్యలో పెట్టి, పైన మిగిలిన అంచుని స్కేలుతో కొలిచాను. ఆరు మిల్లీమీటర్లు. చిటికెనవేలి గోరు వెడల్పు కూడా లేదు. ఇన్నాళ్లలో 51 మంది మనవాళ్లలో ఒక్కరికీ ఈ సంగతి కనబడలేదు. కనబడాలంటే ముందు పుస్తకం తెరవాలి, అందులో రోజూ ఏదో ఒకటి పెట్టాలి.

ఆరు మిల్లీమీటర్లు పెంచడమంటే చెప్పినంత తేలిక కాదు. అట్ట కొత్తగా కోయాలి, గుడ్డ కొలత మారాలి, ఫారాలకి, అంటే మడిచి ఒకదానిలో ఒకటి పెట్టిన కాగితాల కట్టలకి, రంధ్రాలు పొడిచే మూస మళ్లీ చేసుకోవాలి. కాగితంలో పీచు ఒక దిక్కుగా పడుకుని ఉంటుంది. ఆ దిక్కు పుస్తకం వెన్నుకి సమాంతరంగా ఉంటేనే పేజీలు మెత్తగా తిరుగుతాయి. చిన్న షీట్లు కొని సగానికి మడిస్తే పీచు సాధారణంగా అడ్డంగా వస్తుంది. కాబట్టి పెద్ద షీట్లు తెచ్చి, పీచు నిలువుగా వచ్చేలా నేనే కోసుకోవాలి. పేజీ ఎత్తు 220 పెట్టి ఒకటి చేసి టీచరుకి పంపాను.

ఏడు నెలల తర్వాత ఆమె దగ్గరనుంచి మళ్లీ ఉత్తరం. "పుస్తకం అయిపోయింది. ఇంకోటి పంపండి."

అయిపోయింది! అప్పటిదాకా 'బాగుంది', 'ముచ్చటగా ఉంది', 'నీ చేతిలో ఏదో ఉందే' అన్నవాళ్లే తప్ప, నా పుస్తకం అయిపోయిందని ఎవ్వరూ రాయలేదు. నా వ్యాపారం ఎదగడం మొదలైంది ఆ రోజే అని నా నమ్మకం. ఆ తర్వాత ఆమెతో పనిచేసే టీచర్లు ముగ్గురు కొన్నారు. వాళ్లకి నా పేరు పలకడం కూడా రాదు, కొలత మాత్రం సరిగ్గా చెబుతారు.

గుండీలు చేసిన కుమ్మరి

ఇది రాస్తుంటే లూసీ రీ పదే పదే గుర్తొస్తోంది. 1902లో వియన్నాలో పుట్టిన కుమ్మరి కళాకారిణి. 1937 నాటి పారిస్ అంతర్జాతీయ ప్రదర్శనలో పతకం అందుకునేంత పేరు అప్పటికే సంపాదించింది. మరుసటి ఏడాది, 1938లో, నాజీల నుంచి తప్పించుకుని లండన్ చేరింది. అక్కడ ఆమె కుండల గురించి తెలిసినవాళ్లు దాదాపు లేరు. పూట గడవాలి. యుద్ధకాలంలో ఆమె బట్టల తయారీదారుల కోసం కాల్చిన మట్టి గుండీలు చేసింది.

గుండీ అంటే ఏమిటి? ఎవరో నేసిన గుడ్డ, ఎవరో కోరిన రంగు, ఎవరో కోసిన కాజా. అందులో నా ఇష్టం అనడానికి పెద్దగా చోటు లేదు. తెచ్చిన గుడ్డముక్క రంగుకి సరిపోయేలా గ్లేజు, అంటే మట్టి మీద పూసి కాల్చే మెరుగు పూత, కలపాలి, కాల్చాలి, కుదరకపోతే మళ్లీ కలపాలి. పతకం తీసుకున్న చేతికి అది ఎంత కష్టంగా తోచి ఉండాలి! కానీ అన్ని రకాల రంగులు ఆ చిన్న బిళ్లల మీద పరీక్షించి పరీక్షించి సంపాదించిన చేతివాటం వృథా పోలేదు. తర్వాత ఆమె గిన్నెల మీద, కూజాల మీద గ్లేజు చేసిన పనికీ ఆ గుండీలకీ మధ్య చుట్టరికం నాకు స్పష్టంగా కనిపిస్తుంది. ఆ స్టూడియోకి 1946లో హాన్స్ కోపర్ పనికి వచ్చాడు. జర్మనీ నుంచి వచ్చిన మరో శరణార్థి, మట్టి పని తెలియనివాడు. గుండీల పనిలో సాయానికి చేరి, చివరికి ఆ శతాబ్దపు పేరున్న కుమ్మరి కళాకారుల్లో ఒకడయ్యాడు.

ఆమెకి అక్కడ మనవాళ్లు లేరని కాదు. తనలాగే పారిపోయి వచ్చినవాళ్లు ఆమె చుట్టూ ఉన్నారు, పనిలో సాయపడ్డారు. కానీ ఆ పనికి కాళ్లు ఇచ్చింది పరాయివాళ్ల కోటు మీది కాజా. నా ఆరు మిల్లీమీటర్ల లాంటిదే అది.

మనవాళ్లే లేకపోతే?

నా మాట చదివి మా వదిన తప్పకుండా అడుగుతుంది: "మేం కొనకపోతే నీకా ప్రెస్సు ఎక్కడనుంచి వచ్చేది?" నిజమే. పుస్తకాలు బిగించి నొక్కే ఇనుప ప్రెస్సు కొన్నది ఆ 51 ఆర్డర్ల డబ్బుతోనే. అది లేకపోతే టీచరుకి పంపిన పుస్తకం అంత చదునుగా కూర్చునేది కాదు.

ఈ ఎదురు వాదన చిన్నది కాదు, చదువుకున్నవాళ్లూ దీన్ని సమర్థించారు. కెన్నెత్ విల్సన్, అలెహాండ్రో పోర్టెస్ అనే సామాజిక శాస్త్రజ్ఞులు అమెరికాలోని మయామీలో స్థిరపడిన క్యూబావాళ్ల మీద చేసిన అధ్యయనం 1980లో వచ్చింది. తమవాళ్ల వ్యాపారాల మధ్యే పనిచేసిన వలసదారుల చదువుకీ అనుభవానికీ దక్కవలసిన ప్రతిఫలం దక్కిందని, బయట అడుగు స్థాయి ఉద్యోగాల్లో చేరినవాళ్లకి అది దక్కలేదని వాళ్లు చూపించారు. మనవాళ్ల నీడ అంటే కట్టి పడేసే గోడ అని ఊరికే తీసిపారేయడానికి లేదన్నమాట.

దీనికి పక్కనే 1973లో మార్క్ గ్రానొవెటర్ అనే మరో సామాజిక శాస్త్రజ్ఞుడు చెప్పిన సంగతి పెట్టి చూడాలి. దగ్గరివాళ్లందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే. వాళ్లకి తెలిసింది మనకీ తెలుసు. కొత్త కబురు వచ్చేది ముఖపరిచయం ఉన్నవాళ్ల నుంచి, అంటే వేరే లోకంలో తిరిగేవాళ్ల నుంచి. ఆయన మాట్లాడింది ముఖ్యంగా ఉద్యోగాల గురించి, కానీ నా ఆర్డర్ల పుస్తకం కూడా అదే చెబుతోంది. ఆ 51 మందిలో ఎవరు ఎవరికి చెప్పినా ఆ కబురు మళ్లీ ఆ 51 మంది మధ్యే తిరిగింది. టీచరు ఒక్కతే ముగ్గురు కొత్తవాళ్లని తెచ్చింది.

అయినా నాకు తెలిసిన ఒకామె విషయంలో నా వాదన తేలిపోయింది. ఆమె పరాయి దేశంలో పుట్టి పెరుగుతున్న పిల్లల కోసం తన భాష అక్షరాలతో బొమ్మల కార్డులు చేస్తుంది. ఆమె వస్తువు కావలసింది ఆమె భాషవాళ్లకే. "పరాయివాళ్ల దగ్గరికి వెళ్లి నేనేం అమ్మను?" అని అడిగింది. జవాబు లేక కొన్నాళ్లు తికమకపడ్డాను. చివరికి ఆమె దగ్గర కొన్న ఒకింటికి వెళ్లినప్పుడు ఆ తికమక తీరింది. కార్డుల పెట్టె మూత చిరిగి ఉంది. మూడు కార్డులు సోఫా కింద ఉన్నాయి. ఒకదాని మూలని పిల్లాడు నమిలేశాడు. ఆ తల్లి, "ఇంకాస్త మందంగా చేయమని చెప్పండి" అంది.

ఆమె కార్డులు వాళ్ల ఇంట్లో బతుకుతున్నాయి. నా పుస్తకాలు అక్క అలమరలో భద్రంగా ఉన్నాయి. కాబట్టి మనవాళ్లా పరాయివాళ్లా అని నేను మొదట గీసిన గీతని కాస్త పక్కకి జరుపుకుంటున్నాను. వస్తువు వాడి అరగదీసేవాళ్లు ఎవరైనా సరే, వాళ్లే కొనుగోలుదారులు. మనల్ని చూసి ముచ్చటపడి కొనేవాళ్లు ఎవరైనా సరే, వాళ్లు ఆప్తులు. ఇబ్బంది ఎక్కడంటే, దూరంలో ఉన్నప్పుడు ఆప్తులు దాదాపు ఎప్పుడూ మనవాళ్లే అవుతారు.

సరిహద్దులు దాటే పార్సిళ్లు

'మనవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు, అందరికీ పంపుదాం' అనే ఆలోచన ఒకప్పుడు నాకూ చాలా గొప్పగా అనిపించింది. పంపి చూశాను. నాలుగు పుస్తకాలు పట్టే పెట్టె 30 బై 22 బై 15 సెంటీమీటర్లు. తూకం కిలో పైచిలుకు. కానీ కొరియర్లు చాలావరకు పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 5000తో భాగిస్తాయి. ఆ లెక్కన 1.98 కిలోలు. తూకానికీ దీనికీ ఏది ఎక్కువైతే దానికి డబ్బు కట్టాలి. పుస్తకం నలగకుండా చుట్టూ పెట్టిన మెత్తటి కాగితానికీ, లోపలి గాలికీ కూడా ఛార్జీ కట్టానన్నమాట.

దానికన్నా పెద్ద దెబ్బ సుంకం. ఐరోపా సమాఖ్య 22 యూరోల లోపు వస్తువులకి ఉన్న వ్యాట్ మినహాయింపుని 2021 జూలై 1న ఎత్తేసింది. అమెరికా 800 డాలర్ల లోపు పార్సిళ్లకి ఇచ్చే సుంకం మినహాయింపుని 2025 ఆగస్టు 29 నుంచి అన్ని దేశాలకీ ఆపేసింది. ఆ రోజుల్లో చాలా దేశాల పోస్టల్ శాఖలు అమెరికాకి పార్సిళ్లు తీసుకోవడమే కొన్నాళ్లు మానేశాయి. ఇంటి బల్ల మీద నాలుగు వస్తువులు చేసుకుని దేశాలు దాటించే వ్యాపారాలు ఎన్నో ఆ మినహాయింపుల మీదే నడిచాయి. అవి ఏ ఉదయాన్నైనా పోవచ్చని మనం లెక్కలో పెట్టుకోలేదు.

నా పార్సిల్ ఒకటి స్నేహితురాలి గుమ్మం దాకా వెళ్లి, పన్ను కడితేనే ఇస్తామంటే ఆమె ఇంట్లో లేక, ఏడు వారాలకి నా దగ్గరికి తిరిగొచ్చింది. పెట్టె మూల చొట్టపడింది, పుస్తకం అట్ట వంగిపోయింది. స్నేహితురాలు, "పోనీలే, మళ్లీ పంపకు, డబ్బులు ఉంచుకో" అంది. డబ్బులు తిప్పి పంపడానికి మేమిద్దరం పోట్లాడుకున్నంత పని అయింది. ఈ మొహమాటం చూడండి! అదే టీచరు అయితే డబ్బు వెనక్కి తీసుకుని, ఇంకోటి ఎప్పుడు పంపుతారని అడిగేది. రెండు వైపులా మనసు తేలిగ్గా ఉండేది.

అట్ట వంగడం అంటే ఇంకోటి గుర్తొచ్చింది. నేను పని నేర్చుకున్నది తేమ ఉన్న గాలిలో. ఇక్కడ చలికాలం హీటరు వేసిన గదిలో గాలి ఎండిపోతుంది. మొదటి చలికాలం నా అట్టలన్నీ రాత్రికి రాత్రి దోనెల్లా వంగిపోయాయి. జిగురు చిక్కదనం, ప్రెస్సులో ఉంచే సమయం, అన్నీ ఇక్కడి గాలిని బట్టి మళ్లీ నేర్చుకున్నాను. ఉన్నచోట కుదిరేలా చేయడం నేర్చుకున్న చేతికి, ఉన్నచోట అమ్మడమూ నేర్పాలి కదా.

ఇంటి బొమ్మలు

ఒక దశలో నా అట్టల మీద ఇంటిని తలపించే బొమ్మలు వేశాను. బాగా అమ్ముడయ్యాయి. ఇంటిమీద బెంగ ఉన్నవాళ్లకి బెంగను అట్ట కట్టి అమ్మితే కొంటారు. నేను ఆ బెంగతోనే గీశాను, అందులో కల్తీ లేదు. కానీ నాలుగో బొమ్మకి వచ్చేసరికి నా జ్ఞాపకం అరిగిపోయింది. నేను చూసినది కాక, వాళ్లు చూడాలనుకున్నది గీస్తున్నాను. ఆపేశాను.

దీనికి తలకిందులైన ప్రలోభం కూడా ఉంది, పూర్తిగా ఉన్నచోటి మనిషిలా మారిపోవడం. లూసీ రీ దానిలోనూ పడింది. ఇంగ్లండ్‌లో అప్పట్లో మట్టిపనిలో పెద్దతల బెర్నార్డ్ లీచ్. ఆయన ఆమె కుండల్ని చూసి పల్చగా ఉన్నాయన్నాడు. కొన్నాళ్లు ఆమె ఆయన మెప్పు కోసం బరువైన కుండలు ప్రయత్నించి, చివరికి తన పల్చటి అంచులకే తిరిగొచ్చింది. గుండీ రంగు మార్చమంటే మార్చిన మనిషి, కుండ అంచు మందం మాత్రం మార్చుకోలేదు. ఏది కొనేవాళ్ల హక్కో, ఏది తన చేతిదో ఆమెకి తెలిసింది. నాకు ఇంకా పూర్తిగా తెలియదు. కొలత టీచరుది. కుట్టు నాది. రంగు ఎవరిది? దాని గురించి నాలో నాకే ఇంకా వాదన నడుస్తోంది.

ఈ ఏడాది వారానికి రెండు రోజులు సాయానికి ఒక అమ్మాయి వస్తోంది. ఆమెది వేరే దేశం, వేరే భాష. మా ఇద్దరికీ సగం సగం వచ్చిన మూడో భాషలో మాట్లాడుకుంటాం. దారం బిగువు ఎంత ఉండాలో మాటల్లో చెప్పలేక, మైనం పట్టించిన దారం ఒక కొసని ఆమె వేలికి చుట్టి రెండో కొస నేను లాగాను. "ఇంత" అన్నాను. ఆమె తల ఊపింది. ఇప్పుడు ఆమె కుట్టిన ఫారానికీ నేను కుట్టిన ఫారానికీ తేడా నాకే కనిపించదు. 'మీరే కుట్టారా?' అని అడిగే ఆప్తులకి ఇది కొంచెం చివుక్కుమనిపిస్తుంది, నాకు తెలుసు. వాళ్లకి కావలసింది నా చేయి. టీచరుకి కావలసింది విడిపోని పుస్తకం. ఆమెకి సంగతి చెప్పాను. "దారం గట్టిగా ఉంటే చాలు" అంది.

నిన్న సాయంత్రం అక్క ఫోన్ చేసింది. గొంతులో విసుగు.

"ఏమే, నీ పుస్తకం మధ్యలో కాగితాలు ఊగుతున్నాయి. దారం వదులైనట్టుంది."

"ఏ పుస్తకం అక్కా?"

"నీలం అట్టది. నాన్నగారి బీపీ రోజూ రెండుపూటలా రాయమన్నాడు డాక్టరు. ఇంట్లో ఇంకేం దొరక్క అది విప్పాను. డబ్బులిచ్చి కొన్నదే కదా, ఇలాగేనా కుట్టేది?"

నేను లేచి ఆర్డర్ల పుస్తకం తెచ్చుకున్నాను. పెన్సిలు చెక్కుకున్నాను.

"సగం దాటావా అక్కా? ఏ పేజీ దగ్గర వదులైందో చూసి చెప్పు."